అంతర్జాలంలో భాగవతం: ఒక ఒత్తు నేర్పిన పాఠం



మేము ఉండేది సౌదీ అరేబియాలో, రియాద్ నగరానికి ఆగ్నేయ దిక్కున ఉన్న సులైలో. గిడ్డంగులు, లారీలు, మరమ్మతు షెడ్లు, కార్మికుల వసతి గదులు, ఇదీ మా పేట. మా వృత్తి వైద్యం. ఇక్కడ గుడి లేదు, గంట లేదు, పురాణం చెప్పే శాస్త్రులుగారు లేరు. పండుగ వస్తే నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళం ఒక ఇంట్లో చేరి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా తలుపు వేసుకుని, కాస్త పాయసం వండుకుని, పోతనగారి భాగవతం నాలుగు పద్యాలు చదువుకుంటాం. మాకు పండుగంటే అదే. ఈ పత్రిక కూడా మాకు పీడీఎఫ్‌గానే అందుతుంది. కనుక "ప్రాచీన గ్రంథాలు, నేటి సాంకేతికత" అనే మాట మాకు సభల్లో వినే విషయం కాదు, ఇంట్లో రోజూ వాడే వస్తువు. దాని సుఖమూ చూశాం, దాని ప్రమాదమూ చూశాం. ప్రమాదం మా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి ముందు అదే చెబుతాం.

మా పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బళ్ళో వాళ్ళకు వేరే లిపులే సరిపోతున్నాయి. కిందటి కృష్ణాష్టమికి వాళ్ళచేత గజేంద్రమోక్షం చదివించాలని బుద్ధి పుట్టింది. ఒక పాత అచ్చుపుస్తకం స్కాను అంతర్జాలంలో దొరికింది. ఆ బొమ్మలను గూగుల్ డ్రైవ్‌లో వేసి అక్షరాలుగా మార్చాం. ఆ అక్షరాలను మళ్ళీ ఇంగ్లీషు లిపిలోకి మార్చాం. డ్యూటీ నుంచి వచ్చాక రెండు రాత్రులు కూర్చుంటే పన్నెండు పేజీల పీడీఎఫ్ తయారైంది. గొప్ప పని చేశామనిపించింది. నాలుగు ఇళ్ళకూ వాట్సాప్‌లో పంపాం. వాళ్ళు దమ్మామ్‌లోనూ జెద్దాలోనూ ఉన్న బంధువులకు పంపారు.

పండుగ సాయంత్రం అమలాపురంలో ఉన్న మా అమ్మగారిని వీడియోకాల్‌లోకి పిలిచాం. ఆవిడకు 82 ఏళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది గాని, కంటి లోపలి పొర దెబ్బతినడం వల్ల అచ్చు అక్షరం కనబడదు. చిన్నప్పుడు తాతగారి దగ్గర కూర్చుని నేర్చుకున్న పద్యాలు మాత్రం నోటికి ఉన్నాయి. మా పెద్దమ్మాయి ఒక ఉత్పలమాల మొదలుపెట్టింది. రెండవ పాదం ఎత్తుకుందో లేదో,

"ఆగు చిట్టీ. ఏదీ, మళ్ళీ చదువు," అన్నారావిడ.

మళ్ళీ చదివింది.

"అక్కడ ఒత్తు ఉండాలమ్మా. ప్రాస పోయింది."

"ఇందులో ఇలాగే ఉంది మామ్మా."

"అందులో ఉంటే మాత్రం? పోతన అలా రాయడు."

అందరం నవ్వాం. ఆ రాత్రి స్కాను తీసి పెద్దది చేసి చూశాం. ఒత్తు ఉంది. పాత కాగితం మీద సిరా పలచబడి గీతలా కనిపిస్తోంది. యంత్రం దాన్ని మరక అనుకుని వదిలేసింది. మేము యంత్రాన్ని నమ్మి వదిలేశాం. మొత్తం పన్నెండు పేజీలూ పాదం పాదం సరిచూస్తే అలాంటివి ఇరవై మూడు తేలాయి. అప్పటికి ఆ పీడీఎఫ్ ఎవరెవరి ఫోనుల్లోకి వెళ్ళిందో మాకు తెలియదు. దిద్దిన ప్రతి పంపాం గాని, మొదటిది వెనక్కి రాదు కదా! ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక పిల్ల ఈ ఏడు కూడా మా తప్పునే పోతన పద్యం అనుకుని కంఠస్థం చేస్తూ ఉండవచ్చు. మందుచీటీలో ఒక చుక్క పోతే అర మాత్ర అయిదు మాత్రలవుతుంది. ఆ సంగతి బాగా తెలిసిన వృత్తిలో ఉండి కూడా పద్యం దగ్గర అంత జాగ్రత్త పడలేదు.

అక్షరానికి కాపలా

కళ్ళు కనబడని మనిషి, పుస్తకం చూడకుండా, అంత దూరం నుంచి తప్పు ఎలా పట్టుకోగలిగారు? పిల్లలు అడిగిన ప్రశ్న ఇదే. దానికి జవాబు చెప్పడానికి మాకు మూడు శుక్రవారాలు పట్టింది. ఇళ్ళలో పిల్లలకు చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందని ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. గణాలు భ, ర, న, భ, భ, ర, వ. పదవ అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో అది మైత్రి కలిగి ఉండాలి. ఇక నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరం ఒకటే హల్లు కావాలి, దాన్నే ప్రాస అంటాం. మొదటి పాదంలో రెండవ అక్షరం ద్విత్వమైతే మిగిలిన మూడింటిలోనూ అదే ద్విత్వం ఉండాలి. ఇప్పుడు మా తప్పు చూడండి. రెండవ అక్షరం కింద ఒత్తు పోయింది. ప్రాస చెడింది. అంతటితో ఆగలేదు. ద్విత్వానికి ముందున్న అక్షరం హ్రస్వమైనా గురువవుతుంది. ఒత్తు పోయేసరికి ఆ మొదటి అక్షరం లఘువైపోయింది. గురువు, లఘువు, లఘువుగా ఉండవలసిన భగణం మూడు లఘువుల నగణంగా మారింది. ఒక్క ఒత్తు ఊడితే రెండు గంటలు మోగాయి. చదివే చిట్టికి వినబడలేదు, అమలాపురంలో మామ్మకు వినబడింది.

కంప్యూటరు వాళ్ళు ఒక ఫైలును ఒకచోటి నుంచి మరొకచోటికి పంపేటప్పుడు మధ్యలో ఏదైనా చెడిందా అని చూసుకోవడానికి చివర ఒక లెక్క జతచేసి పంపుతారు. చేరినచోట ఆ లెక్క మళ్ళీ కట్టి చూస్తే సరిపోయిందీ లేనిదీ తెలుస్తుంది. మన పద్యంలో ఆ లెక్క విడిగా లేదు, పద్యంలోనే అల్లుకుని ఉంది. యతి ప్రాసలు చెవికి ఇంపు కోసమే అని మేమూ అనుకునేవాళ్ళం. అవి కాపలా కూడా కాస్తున్నాయని ఈ ఒత్తు పోయాకే తెలిసింది.

వేదం విషయంలో మన పెద్దలు ఇంకా గట్టి కట్టుదిట్టం చేశారు. సంహితను పదాలుగా విడగొట్టి చెప్పడం పదపాఠం. పదాలను ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అంటూ జతలుగా చెప్పడం క్రమపాఠం. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు. ఘనలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. ముందుకూ వెనక్కూ ఇన్నిసార్లు నలిగాక ఒక స్వరం జారినా, ఒక పదం తారుమారైనా ఎక్కడో ఒకచోట పట్టుబడక తప్పదు. ఘనపాఠి అని మనం గౌరవంగా పిలిచేది ఈ విద్య సాధించినవారినే. ఈ వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవాళి వారసత్వంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. పిల్లలకు ఇది ఆటగా చెప్పవచ్చు. మా ఇంట్లో "బెండకాయ, వంకాయ, దొండకాయ" అని మూడు మాటలతో ఘన చెప్పించాం. నవ్వులు, పోటీలు. ఒకడు తప్పితే మిగతావాళ్ళు వెంటనే పట్టుకుంటారు. వేదం ముందు కూరగాయలేమిటని పెద్దలెవరైనా కోప్పడితే మన్నించాలి.

అయితే ఛందస్సు అన్ని తప్పులనూ పట్టదు. శ, ష, స ఒకదాని బదులు మరొకటి పడినా గణం చెడదు. యతి ప్రాస స్థానాలు కానిచోట న బదులు ణ పడినా అంతే. పోతనగారి వచనాలకు గణాలే లేవు. పేజీల పొడవున సాగే ఆ సమాసాల్లో ఒక మాట జారితే గంట మోగదు. అక్కడ నిఘంటువు, మరొక ముద్రణ, తెలిసిన మనిషి, ఈ మూడే దిక్కు. మాకు దొరికిన ఇరవై మూడింటిలో ఛందస్సు పట్టించినవి పదిహేను. మిగిలినవి కంటికి కన్ను పెట్టి వెతికితేనే దొరికాయి.

తాటాకు నుంచి ఫోను దాకా

భాగవతానికి పోగొట్టుకోవడం కొత్త కాదు. పదిహేనవ శతాబ్దంలో బమ్మెర పోతన తెలిగించిన గ్రంథం మొత్తం ఆయన చేతి మీదుగా మనకు రాలేదు. అయిదవ స్కంధం గంగనది, ఆరవది సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. శిథిలమైన భాగాలను వారు పూరించారని చెబుతారు. తాటాకుకు చెద, తడి, నిప్పు అన్నీ శత్రువులే. మళ్ళీ మళ్ళీ రాసుకోవడమే దాన్ని బతికించే ఉపాయం, కాని రాసిన ప్రతిసారీ ఒక కొత్త తప్పు. 1817లో మన దేశం వచ్చిన సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి అనేక తాటాకు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. కొలువులో సంపాదించింది చాలావరకు అందులోనే పోశాడు. కంప్యూటరు లేదన్నమాటే గాని, మేము ఆ తరువాతి నెలలో సులైలో చేసిన పని కూడా అదే, ప్రతులు పోల్చుకోవడం.

కంప్యూటరులో తెలుగు నిలదొక్కుకోవడమూ తేలికగా జరగలేదు. మేము 2000 ప్రాంతంలో రష్యాలో వైద్యం చదివే రోజుల్లో హాస్టలు కంప్యూటరు మీద తెలుగు చదవాలంటే ఇంగ్లీషు అక్షరాల్లోనే చదివేవాళ్ళం. చిన్నక్షరం ఒక ధ్వని, పెద్దక్షరం ఒక ధ్వని. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఏర్పరచిన ఆర్‌టీఎస్ పద్ధతి అది. కొన్ని వెబ్‌సైట్లు తమ సొంత ఫాంటు దించుకుంటే తప్ప పిచ్చి గీతలుగా కనబడేవి. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే చాలామంది తెరల మీద తెలుగు తెలుగులా కనబడింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు అమెరికాలో ఉండి పోతన, వేమన అనే ఫాంటులు రూపొందించి ఉచితంగా ఇచ్చారు. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక టైపు చేయడం రానివాళ్ళకు కూడా చేయి తిరిగింది.

గ్రంథాల సంగతికొస్తే, దేశిరాజు హనుమంతరావు, కె.ఎం.కె. మూర్తి గార్లు వాల్మీకి రామాయణాన్ని శ్లోకం, ప్రతిపదార్థం, తాత్పర్యాలతో 1998 నుంచి అంతర్జాలంలో పెడుతూ వచ్చారు. తెలుగు రాని పిల్లలకు నేటికీ అది ఆధారమే. పోతన భాగవతం మొత్తాన్ని ఊలపల్లి సాంబశివరావు గారు తెలుగుభాగవతం.ఆర్గ్‌లో ఉంచారు. పద్యం, ప్రతిపదార్థం, భావం, వినడానికి గొంతు, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పెద్ద సంస్థ చేయవలసిన పనికి ఒక మనిషి పూనుకోవడం మన వాళ్ళలో ఎందుకో తరచుగా చూస్తాం. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు గార్ల ఆంధ్రభారతిలో కావ్యాలతో పాటు నిఘంటువులన్నిటినీ ఒకేసారి వెతికే వీలుంది. అర్థం తెలియని మాటకు మేము మొదట తట్టే తలుపు అదే.

అచ్చుపుస్తకాల స్కానులకు మూలం మరొకటి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకం తలపెట్టారు. భారతదేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా సాగింది. 2007 నాటికి ప్రపంచం మొత్తం మీద ఆ పది లక్షల లెక్క దాటింది. తరువాత ఆ లైబ్రరీ వెబ్‌సైటు ఆగిపోయింది. తెలుగు పుస్తకాలతో సహా అందులోవి చాలా భాగం ఆర్కైవ్.ఆర్గ్‌లోకి చేరాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే స్కాను చేసిన శ్రమంతా నీటిలో రాతే. తాటాకుకు చెద పడితే కంటికి కనిపిస్తుంది. వెబ్‌సైటు ఆగిపోతే, వెతికిన రోజు దాకా తెలియదు. అందుకని మాకు కావలసిన పుస్తకం ఏది దొరికినా దించుకుని, రెండు చోట్ల దాచుకుంటున్నాం.

ఇంట్లో మొదలుపెట్టేవారికి

స్కాను వేరు, పాఠం వేరు. స్కాను పేజీ ఫొటో మాత్రమే. దాన్ని వెతకలేం, అక్షరం పెద్దది చేసి పంక్తి తిప్పుకోలేం, కళ్ళు లేనివారికి వినిపించలేం. టైపు చేసిన పాఠంతో ఇవన్నీ చేయవచ్చు, కాని అందులో తప్పులుంటాయి. కనుక రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ఆర్కైవ్.ఆర్గ్‌లో వెతికేటప్పుడు పుస్తకం పేరు తెలుగులో కొడితే దొరకకపోవచ్చు. ఆ పాత స్కానులకు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘం వచ్చినచోట అక్షరం రెండేసి సార్లు వేసి రాశారు. తప్పులూ ఎక్కువే. భాగవతము అన్న మాటను నాలుగు రకాలుగా కొట్టి చూడండి. పేరు తప్పుగా ఉండి, లోపల మంచి ముద్రణ ఉండవచ్చు.

పిల్లలకు తెలుగు లిపి రాకపోతే వినోద్ రాజన్ గారి అక్షరముఖ ఉపకరిస్తుంది. తెలుగు పాఠం ఇస్తే దేవనాగరిలోకో, రోమన్ లిపిలోకో మార్చి ఇస్తుంది. అయితే గుర్తులు లేని మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చకండి. న, ణ తేడా, ల, ళ తేడా అక్కడే పోతాయి. మేము చేసిన రెండవ పొరపాటు అది. దేవనాగరి వచ్చిన పిల్లలకు దేవనాగరే మేలు. అసలు మేలు తెలుగు అక్షరాలు నేర్పడం. ఆ మాట ఎవరికి తెలియదు? రెండు డ్యూటీల మధ్య ఎంత వీలైతే అంత. మా చిన్నవాడు మాత్రం ఒత్తులు వెతికే ఆట కోసం గుణింతం దాకా వచ్చాడు.

పద్యం టైపు చేశాక దిలీప్ మిరియాల గారి ఛందం సాఫ్ట్‌వేరులో వేయండి. గురులఘువులు గుర్తించి ఏ పద్యమో చెబుతుంది, గణమో యతో ప్రాసో తప్పితే చూపిస్తుంది. కాని పిల్లలచేత ముందు వేళ్ళ మీద లెక్కపెట్టించి, ఆ తరువాతే యంత్రాన్ని అడగండి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుందని మా పెద్దమ్మాయి తనంతట తాను కనిపెట్టి ఇల్లంతా ఎగిరింది. యంత్రం ముందే చెప్పేస్తే ఆ సంతోషం ఉండేది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, టైపు చేసినవారే దిద్దకూడదు. రాసిన కన్ను తను రాయదలచుకున్నదే చూస్తుంది, రాసింది చూడదు. ఆసుపత్రిలో ప్రమాదకరమైన మందు ఇచ్చేముందు ఇద్దరు నర్సులు చీటీని విడివిడిగా చదువుతారు. తెలుగు వికీసోర్సులో కూడా ఇదే పద్ధతి. స్కాను పేజీ ఒకపక్క, టైపు చేసిన పాఠం ఒకపక్క ఉంటాయి. ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు, మరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ. మా నాలుగు ఇళ్ళలో ఇప్పుడు ఒకరు స్కాను చూస్తూ పైకి చదువుతారు, రెండవవారు పాఠం మీద వేలు పెట్టి వింటారు. మూడవసారి అమలాపురం ఫోను.

ఈ మూడవదానికి గడువు ఉందని మాకు తెలుసు. ప్రతి శుక్రవారం అమ్మగారిచేత అరగంట పద్యాలు చెప్పించి రికార్డు చేస్తున్నాం. తారీకు, స్కంధం పేరు రాసి దాస్తున్నాం. ఈ ఏడు ఆవిడ అక్కడక్కడ ఆగుతున్నారు. కారణమేమిటో వైద్యులుగా మాకు తెలుసు, బిడ్డలుగా తెలుసుకోవాలని లేదు. మొన్న రుక్మిణీకల్యాణంలో ఒక పద్యం మధ్యలో మాట అందక కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చిట్టి తెర మీద చూసి, నెమ్మదిగా ఆ మాట అందించింది.

"ఆఁ, అదే. సరిగ్గా ఉందా అందులో?"

"ఉంది మామ్మా. ప్రాస చూశాను."

ఆవిడ మిగతా పద్యం పూర్తిచేశారు.

గజేంద్రమోక్షం దిద్దిన ప్రతి ఈ పండుగకు సిద్ధంగా ఉంది. రెండు చోట్ల మాత్రం మాకు దొరికిన రెండు ముద్రణలూ రెండు రకాలుగా ఉన్నాయి, గణాలు రెండింటికీ సరిపోతున్నాయి. రెండూ వచనాలకు పక్కనున్న సీసపద్యాల్లోవి. ఆ చోట్ల పక్కన నక్షత్రం గుర్తు వేశాం. మీ ఇళ్ళలో తాతగారి కాలం నాటి భాగవతం ముద్రణ ఏదైనా ఉంటే, ఊరికి వెళ్ళినప్పుడు ఆ పేజీ ఫొటో తీసి సంఘానికి పంపండి. వారు మాకు చేరవేస్తామన్నారు. ఫొటో పగటి వెలుతురులో, పేజీ మీద ఫోను నీడ పడకుండా తీయండి. ఒత్తులు కనబడాలి.